పరిధి మారితే జట్టూ మారుతుంది: నోయిడా కళాశాలల క్రీడాపటం

ఒక చిన్న కళాశాల వాలీబాల్ జట్టు ఏయే కళాశాలలతో పోటీపడాలన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్నకు ఒక్కో దేశంలో ఒక్కో సమాధానం ఉంది. అమెరికాలో కళాశాలలే తమలో తాము కూటములు కట్టి ఆ నిర్ణయం తీసుకుంటాయి. భారతదేశంలో ఆ పనిని విశ్వవిద్యాలయ చట్టం చేస్తుంది. కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంటే, ఆ విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలలే దానికి ప్రత్యర్థులు. ఆ పరిధిని ప్రభుత్వం మార్చితే ప్రత్యర్థులు, ప్రయాణ దూరాలు, విశ్వవిద్యాలయ జట్టులో చోటు దక్కే అవకాశాలు కూడా మారిపోతాయి. 2010, 2013 మధ్య ఇటువంటి మార్పును రెండుసార్లు చూసిన ప్రాంతం దేశ రాజధానిని ఆనుకుని ఉన్న నోయిడా.

కూటమి అంటే ఏమిటి?

అమెరికా కళాశాల క్రీడల్లో కాన్ఫరెన్స్ అనేది కొన్ని విద్యాసంస్థలు ఒప్పందం చేసుకుని ఏర్పరచుకున్న పోటీల కూటమి. సభ్య కళాశాలలు ఏటా పరస్పరం తలపడతాయి. విజేతలు జాతీయ స్థాయికి వెళతారు. ఒక కళాశాల తన కూటమిని వదిలి మరొక కూటమిలో చేరవచ్చు. కూటమి సైతం కొత్త సభ్యులను చేర్చుకుని విస్తరించవచ్చు. ఈ కదలికలనే పునర్వ్యవస్థీకరణ అంటారు. 2024లో పసిఫిక్ తీరంలోని పాక్-12 కూటమి నుంచి పన్నెండు సంస్థలకు పది వైదొలగాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అట్లాంటిక్ తీరం పేరుతో ఉన్న కూటమిలో చేరింది. ప్రసార హక్కుల ఆదాయం ఈ వలసలకు ముఖ్య కారణం.

చిన్న కళాశాలల లెక్క వేరు. మూడో డివిజన్‌లోని కళాశాలలు క్రీడల కోసం ప్రత్యేక ఉపకార వేతనాలు ఇవ్వవు. వాటికి ప్రసార ఆదాయం నామమాత్రమే. బస్సు ఖర్చు, విద్యార్థులు కోల్పోయే తరగతులు, తమతో సమాన స్థాయి గల ప్రత్యర్థులు దొరకడం అన్న మూడు అంశాలే వాటి నిర్ణయాలను నడిపిస్తాయి. భారతదేశంలోని ఒక అనుబంధ కళాశాలకూ ఇవే మూడు అంశాలు ముఖ్యం. అయితే వాటిపై నిర్ణయం తీసుకునే అధికారం ఇక్కడి కళాశాల చేతిలో లేదు.

భారతదేశంలో మెట్ల వరుస

మన దేశంలో కళాశాల క్రీడలు మెట్ల వరుసగా సాగుతాయి. మొదటి మెట్టు అంతర కళాశాలల పోటీలు. ఒక విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలలు వీటిలో పాల్గొంటాయి. ఈ పోటీల్లో ప్రతిభ చూపినవారి నుంచి ఎంపిక సంఘం విశ్వవిద్యాలయ జట్టును తయారు చేస్తుంది. రెండో మెట్టులో ఆ జట్టు జోన్ స్థాయి అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళుతుంది. జట్టు క్రీడల్లో సాధారణంగా ఒక్కో జోన్ నుంచి నాలుగేసి జట్లు అఖిల భారత స్థాయికి అర్హత పొందుతాయి.

ఈ పోటీలను నడిపేది భారత విశ్వవిద్యాలయాల సంఘం. 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలిగా ఆరంభమైన ఈ సంస్థకు 1973లో ఇప్పటి పేరు వచ్చింది. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అన్న నాలుగు జోన్ల విభజన కూడా దీనిదే. రాష్ట్రాల సరిహద్దులు అన్ని చోట్లా జోన్ల సరిహద్దులు కావు. ఉత్తరప్రదేశ్ నే తీసుకుంటే, మేరఠ్, నోయిడా విశ్వవిద్యాలయాలు ఉత్తర జోన్‌లో ఆడుతుండగా, జౌన్‌పూర్‌లోని పూర్వాంచల్ విశ్వవిద్యాలయం తూర్పు జోన్‌లో ఆడుతుంది.

విశ్వవిద్యాలయాల క్రికెట్‌లో జోన్ల జట్ల మధ్య జరిగే పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు. 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించిన విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతి రాజు పేరు మీద దీనిని ఏర్పాటు చేశారు. క్రీడల్లో మొత్తంగా అత్యుత్తమ ప్రతిభ చూపిన విశ్వవిద్యాలయానికి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ లభిస్తుంది.

ఈ వరుసకు పైమెట్టుగా 2020లో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు భువనేశ్వర్‌లో మొదలయ్యాయి. 2023 మే, జూన్ నెలల్లో వీటికి ఉత్తరప్రదేశ్ ఆతిథ్యం ఇచ్చింది. లక్నో, వారణాసి, గోరఖ్‌పూర్ నగరాలతో పాటు నోయిడా ఉన్న గౌతమ్ బుద్ధ నగర్ జిల్లాలోనూ పోటీలు జరిగాయి. పైమెట్టు పోటీలు ఈ విధంగా నోయిడా ముంగిటికే వచ్చాయి. అయితే అక్కడి ఒక చిన్న కళాశాల విద్యార్థి ఆ మెట్టుకు చేరాలంటే అడుగున ఉన్న మెట్టు మీద నుంచే బయలుదేరాలి. ఆ అడుగు మెట్టు స్థిరంగా లేకపోవడమే నోయిడా చరిత్రలోని విశేషం.

నోయిడా పరిధి ఎలా మారింది?

నోయిడా అన్నది ఒక సంస్థ పేరులోని పొడి అక్షరాల కూర్పు. న్యూ ఓఖ్లా పారిశ్రామికాభివృద్ధి ప్రాధికార సంస్థ 1976 ఏప్రిల్ 17న ఏర్పడింది. గౌతమ్ బుద్ధ నగర్ జిల్లా 1997లో ఏర్పాటైంది. పరిశ్రమల కోసం పుట్టిన ఈ పట్టణంలో ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్ కళాశాలలు పెద్దసంఖ్యలో వెలిశాయి.

ఈ ప్రాంతంలోని డిగ్రీ కళాశాలల వంశవృక్షం ఆగ్రా నుంచి మొదలవుతుంది. 1927లో ఏర్పడిన ఆగ్రా విశ్వవిద్యాలయ పరిధి నుంచి 1965లో మేరఠ్ విశ్వవిద్యాలయం వేరుపడింది. 1994లో దానికి చౌధరి చరణ్ సింగ్ పేరు పెట్టారు. దాద్రీలోని మిహిర్ భోజ్ కళాశాల వంటి సంస్థలు నేటికీ మేరఠ్ పరిధిలోనే ఉన్నాయి. ఇటీవల సహారన్‌పూర్‌లో మా శాకంభరి విశ్వవిద్యాలయం ఏర్పడటంతో ఆ డివిజన్ కళాశాలలు మేరఠ్ నుంచి విడిపోయాయి. అలీగఢ్‌లో రాజా మహేంద్ర ప్రతాప్ సింగ్ పేరిట ఏర్పడిన విశ్వవిద్యాలయం ఆ ప్రాంత కళాశాలలను ఆగ్రా నుంచి స్వీకరించింది. కాలక్రమంలో ఒక పెద్ద పరిధి చిన్న చిన్న పరిధులుగా విడిపోతూ వచ్చిందన్నమాట.

సాంకేతిక కళాశాలల కథ దీనికి భిన్నం. 2000లో లక్నో కేంద్రంగా ఉత్తరప్రదేశ్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. రాష్ట్రమంతటి ఇంజినీరింగ్ కళాశాలలు దాని గొడుగు కిందకు వచ్చాయి. 2010లో మాయావతి ప్రభుత్వం దీనిని రెండుగా విభజించింది. లక్నో కేంద్రంగా గౌతమ్ బుద్ధ సాంకేతిక విశ్వవిద్యాలయం, నోయిడా కేంద్రంగా మహామాయ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. పశ్చిమ ప్రాంత కళాశాలలు నోయిడా విశ్వవిద్యాలయ పరిధిలోకి మారాయి. 2013లో అఖిలేశ్ యాదవ్ ప్రభుత్వం ఈ రెంటినీ తిరిగి విలీనం చేసింది. పాత పేరు మళ్లీ వచ్చింది. 2015లో ఆ విశ్వవిద్యాలయానికి మాజీ రాష్ట్రపతి డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం పేరు పెట్టారు. గ్రేటర్ నోయిడాలో ప్రత్యేక చట్టంతో నడిచే గౌతమ్ బుద్ధ విశ్వవిద్యాలయం వేరు, 2010లో లక్నోలో ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయం వేరు. పేర్ల పోలిక వల్ల ఈ రెంటినీ ఒకటిగా పొరబడటం సాధారణం.

2009లో బీటెక్ మొదటి సంవత్సరంలో చేరిన ఒక నోయిడా విద్యార్థిని ఊహించుకుంటే ఈ మార్పుల ప్రభావం అర్థమవుతుంది. అతను చేరినప్పుడు తన విశ్వవిద్యాలయ కేంద్రం సుమారు 500 కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండో ఏట అది ఊళ్లోకే వచ్చింది. నాలుగో ఏట చదువు పూర్తి కాకముందే మళ్లీ లక్నోకు వెళ్లింది. అతను కళాశాల మారలేదు, చిరునామా మారలేదు. ఎంపిక పోటీలు నిర్వహించే పరిధి మాత్రం రెండుసార్లు మారింది.

విభజన గణితం

విశ్వవిద్యాలయం విడిపోతే క్రీడాకారుడికి మేలా, కీడా? ముందుగా చోట్ల సంఖ్యను చూడాలి. వాలీబాల్ జట్టులో 12 మంది ఉంటారు. రాష్ట్రమంతటికీ ఒకే సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంటే పురుషుల విభాగంలో 12 చోట్లు, మహిళల విభాగంలో 12 చోట్లు. రెండు విశ్వవిద్యాలయాలైతే ఆ సంఖ్య 24 చొప్పున అవుతుంది. విలీనం జరిగితే తిరిగి 12కు పడిపోతుంది. కళాశాలలు, విద్యార్థులు ఎందరున్నా జట్టు పరిమాణం మారదు. అందువల్ల పెద్ద పరిధిలోని చిన్న కళాశాల విద్యార్థికి అవకాశం సన్నగిల్లుతుంది.

మరొక వైపు నాణ్యత ప్రశ్న ఉంది. ఇద్దరు మేటి ఆటగాళ్లు ఒకే జట్టులో ఉంటే ఆ జట్టు జోన్ పోటీల్లో ముందుకు సాగుతుంది. వారు వేర్వేరు విశ్వవిద్యాలయాలకు చెందితే రెండు జట్లూ తొలి రౌండ్లలోనే వెనుదిరగవచ్చు. పైగా ప్రతి కొత్త విశ్వవిద్యాలయం జోన్ పోటీల్లో ఒక కొత్త జట్టు. అక్కడి నుంచి అఖిల భారత స్థాయికి వెళ్లే చోట్లు మాత్రం నాలుగే. అంటే విభజన మొదటి మెట్టును వెడల్పు చేస్తుంది, రెండో మెట్టును ఇరుకు చేస్తుంది.

మూడో అంశం దూరం. నోయిడా నుంచి మేరఠ్‌కు ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. లక్నోలో ఎంపిక అంటే ప్రయాణంతో కలిపి కనీసం రెండు మూడు రోజులు. వసతి, భోజనం, హాజరు మినహాయింపు అన్నీ చూసుకోవాలి. బాలికల జట్టు అయితే వెంట మహిళా అధ్యాపకురాలు వెళ్లాలి. ఒకే ఒక్క ఫిజికల్ డైరెక్టర్ ఉన్న కళాశాలకు ఇది చిన్న విషయం కాదు. ఈ భారాన్ని తగ్గించడానికే అబ్దుల్ కలాం సాంకేతిక విశ్వవిద్యాలయం కళాశాలలను జోన్లుగా విభజించి, ముందు జోన్ స్థాయిలోనూ, ఆ తర్వాత రాష్ట్ర స్థాయిలోనూ క్రీడోత్సవాలు నిర్వహిస్తుంది. పరిపాలనలో ఒకే విశ్వవిద్యాలయం, ఆటల్లో అనేక చిన్న కూటములు అన్నది ఈ పద్ధతి సారాంశం. అమెరికా కాన్ఫరెన్స్ వ్యవస్థకు మన దేశంలో అతి దగ్గరి పోలిక ఇదే.

తెలుగు రాష్ట్రాల అనుభవం

ఉత్తరప్రదేశ్ సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని విడదీసి మళ్లీ కలిపింది. తెలుగు నేల మీద విభజన జరిగిన తర్వాత విలీనం జరగలేదు. 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం కేంద్రాలుగా మూడు అనుబంధ విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. లలిత కళలు, వాస్తుశిల్ప విద్యకు మరొక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అనంతరం ఉత్తరాంధ్ర కళాశాలలు కాకినాడ నుంచి వేరుపడి విజయనగరంలోని గురజాడ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిధిలోకి వచ్చాయి. వాలీబాల్ లెక్కనే తీసుకుంటే, ఒకప్పుడు 12 చోట్లు ఉన్నచోట ఇప్పుడు నాలుగు విశ్వవిద్యాలయాల్లో కలిపి 48 చోట్లు ఉంటాయి. కాకినాడ ప్రాంత విద్యార్థి ఎంపిక కోసం సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ వైపు చూడవలసిన అవసరం కూడా పోయింది.

సాధారణ డిగ్రీ కళాశాలల్లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 2006లో నిజామాబాద్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం, రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. 2008లో పాలమూరు, శాతవాహన, కృష్ణా, విక్రమ సింహపురి, రాయలసీమ విశ్వవిద్యాలయాలు, శ్రీకాకుళంలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర వంటి పాత సంస్థల పరిధి ఆ మేరకు తగ్గింది. దశాబ్దాలుగా మైదానాలు, శిక్షకులు, వ్యాయామ విద్యా విభాగాలు పాత విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లోనే పెరిగాయి. కొత్త విశ్వవిద్యాలయాలకు జట్టును పంపే హక్కు వెంటనే వచ్చింది. ఆ జట్టును తయారు చేసే వసతులు మాత్రం ఏళ్ల తరబడి సమకూర్చుకోవలసి వచ్చింది.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు క్రీడాపటంలో పెద్ద మార్పు రాలేదు. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలూ దక్షిణ జోన్‌లోనే కొనసాగాయి. మన వ్యవస్థలో రాష్ట్ర సరిహద్దు కన్నా విశ్వవిద్యాలయ పరిధే ముఖ్యమని ఇది తెలియజేస్తుంది.

యమునకు ఆవలి పొరుగువారు

నోయిడాకు ఉన్న ప్రత్యేక సమస్య పొరుగువారితో ఆడలేకపోవడం. యమున దాటితే ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాలలు, 1998లో ఏర్పడిన గురు గోవింద్ సింగ్ ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయ కళాశాలలు మెట్రో రైలు దూరంలో ఉంటాయి. అయినా మేరఠ్ లేదా లక్నో అనుబంధం గల నోయిడా కళాశాల వాటి అంతర కళాశాలల పోటీల్లో పాల్గొనలేదు. పక్క వీధి జట్టు అధికారిక ప్రత్యర్థి కాదు, వందల కిలోమీటర్ల అవతలి జట్టు అధికారిక ప్రత్యర్థి. రెండు విశ్వవిద్యాలయాల జట్లు ఉత్తర జోన్ పోటీల్లో మాత్రమే ఎదురుపడతాయి. అమెరికా చిన్న కళాశాలలకు ఉన్న స్వేచ్ఛ ఇక్కడ ఉంటే, రాష్ట్ర సరిహద్దుతో సంబంధం లేకుండా రాజధాని ప్రాంత కూటమి ఒకటి ఏర్పడేందుకు వీలుండేది.

కళాశాల నుంచి విశ్వవిద్యాలయంగా మారడం ప్రైవేటు సంస్థలు కనుగొన్న మరో మార్గం. నోయిడాలోని అమిటీ విశ్వవిద్యాలయానికి 2005లో ప్రత్యేక చట్టం వచ్చింది. గ్రేటర్ నోయిడాలో శారద 2009లో, గల్గోటియాస్ 2011లో విశ్వవిద్యాలయ హోదా పొందాయి. ఆంధ్రప్రదేశ్‌లో విజ్ఞాన్, కేఎల్ సంస్థలు డీమ్డ్ విశ్వవిద్యాలయాలుగా మారడం ఇదే కోవకు చెందుతుంది. ఇలా మారిన సంస్థ భారత విశ్వవిద్యాలయాల సంఘంలో సభ్యత్వం పొందితే, తన జట్టును నేరుగా జోన్ పోటీలకు పంపుతుంది. మొదటి మెట్టు ఎక్కవలసిన పనే ఉండదు. అమెరికా పరిభాషలో చెప్పాలంటే, పాత కూటమిని వదిలి పైస్థాయికి దూకడం వంటిది.

దీనివల్ల రెండు పరిణామాలు కలుగుతాయి. వెళ్లిపోయిన సంస్థకు అంతర కళాశాలల ప్రత్యర్థులు ఉండరు. తన ప్రాంగణంలోని విభాగాల మధ్యనే పోటీలు పెట్టుకోవాలి. అమిటీ తన విద్యాసంస్థల మధ్య ఏటా నిర్వహించే సంగఠన్ క్రీడోత్సవం ఈ తరహాది. రెండో పరిణామం వెనుక మిగిలిన చిన్న కళాశాలలది. మంచి మైదానాలు, శిక్షకులు ఉన్న సంస్థలు తప్పుకోవడంతో పరిధిలో పోటీ స్థాయి తగ్గుతుంది. అయితే విశ్వవిద్యాలయ జట్టులో చిన్న కళాశాల విద్యార్థికి చోటు దక్కే అవకాశం కొంత పెరుగుతుంది.

పత్రం విలువ

ఈ మార్పులన్నీ క్రీడాకారుడికి ఎందుకు ముఖ్యం? సమాధానం ఒక ధ్రువీకరణ పత్రంలో ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా కింద అర్హతను నిర్ధారించేందుకు నిర్ణీత నమూనాలు ఉన్నాయి. దేశం తరఫున ఆడినవారికి మొదటి నమూనా, జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినవారికి రెండోది, అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారికి మూడోది వర్తిస్తాయి. కళాశాల జట్టులో మాత్రమే ఆడినవారికి ఈ వరుసలో చోటు లేదు. స్నేహపూర్వక పోటీల్లోనూ, కళాశాలలు సొంతంగా నిర్వహించే ఆహ్వాన పోటీల్లోనూ ఎన్ని కప్పులు గెలిచినా ఈ అర్హత రాదు. రాష్ట్ర ప్రభుత్వాలు తమ నియామకాలకు వేరే నిబంధనలు పాటిస్తాయి.

కాబట్టి విశ్వవిద్యాలయ జట్టులో పన్నెండో ఆటగాడికీ పదమూడో ఆటగాడికీ మధ్య ఉన్న తేడా ఒక ఉద్యోగ దరఖాస్తుకు అర్హత ఉండటం, లేకపోవడం. విలీనం వల్ల 24 చోట్లు 12 అయినప్పుడు మిగిలిన 12 మంది కోల్పోయేది ఆట ఒక్కటే కాదు. పట్టుమని ఇరవై మంది క్రీడాకారులు లేని చిన్న కళాశాలల నుంచి వచ్చేవారిపై ఈ ప్రభావం ఎక్కువ. ఎంపిక సంఘం ముందు వారి తరఫున మాట్లాడేవారు తక్కువ. అంతర కళాశాలల పోటీల్లో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోతే వారి ఆటను రెండోసారి చూసే అవకాశం ఎంపికదారులకు రాదు.

పత్రం మీద సంతకం చేసేది విశ్వవిద్యాలయ క్రీడా విభాగం అధిపతి. కళాశాల ప్రిన్సిపాల్ సంతకం దానికి ప్రత్యామ్నాయం కాదు. విశ్వవిద్యాలయం పేరు మారినా, అది మరొక దానిలో కలిసినా, నియామక సంస్థ ఏళ్ల తర్వాత ఆ పత్రాన్ని పరిశీలనకు పంపినప్పుడు జవాబు చెప్పవలసింది దాని రికార్డులు స్వీకరించిన విశ్వవిద్యాలయమే. మూడేళ్లు మాత్రమే మనుగడ సాగించిన విశ్వవిద్యాలయం పేరుతో పత్రం ఉన్న వ్యక్తి ఆ చరిత్రను తానే వివరించవలసిన పరిస్థితి రావచ్చు.

గమనించవలసిన విషయాలు

పరిధి మార్పు ప్రకటన వెలువడినప్పుడు విద్యార్థులు, కళాశాలలు ముందుగా తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రస్తుతం చదువుతున్న బ్యాచ్‌లు పాత విశ్వవిద్యాలయంలోనే కొనసాగుతాయా, లేక కొత్త దానికి మారతాయా అన్నది మొదటిది. అనేక సందర్భాల్లో కొత్తగా చేరినవారిని మాత్రమే కొత్త విశ్వవిద్యాలయ విద్యార్థులుగా పరిగణిస్తారు. అటువంటప్పుడు ఒకే కళాశాల జట్టులోని సీనియర్లు, జూనియర్లు వేర్వేరు విశ్వవిద్యాలయాలకు చెందుతారు. ఒక విద్యా సంవత్సరంలో ఒక విద్యార్థి ఒక విశ్వవిద్యాలయానికే ప్రాతినిధ్యం వహించాలి కాబట్టి, తన నమోదు ఎక్కడ ఉందో తెలుసుకోకుండా ఎంపికకు వెళితే అనర్హత ముప్పు ఉంటుంది.

కొత్త విశ్వవిద్యాలయం భారత విశ్వవిద్యాలయాల సంఘంలో సభ్యత్వం పొందిందా అన్నది రెండో విషయం. సభ్యత్వం, క్రీడా సంచాలకుడి నియామకం, ఎంపిక సంఘాల ఏర్పాటు పూర్తయ్యే లోపు జోన్ పోటీల గడువు దాటిపోతే ఆ ఏడాది జట్టు వెళ్లదు. అంతర విశ్వవిద్యాలయ పోటీలకు 25 ఏళ్ల వయోపరిమితి ఉంది. డిగ్రీ చదువు మూడు నాలుగేళ్లే. ఆ కొద్ది కాలంలో ఒక సీజన్ పోవడం తీరని నష్టం.

పాత విశ్వవిద్యాలయం నుంచి రావలసిన పత్రాలను విభజన లేదా విలీనం అమల్లోకి రాకముందే తీసుకోవడం మూడోది. కళాశాలలు విద్యార్థుల నుంచి వసూలు చేసిన క్రీడా రుసుములో విశ్వవిద్యాలయ వాటా ఏ ఖాతాకు వెళుతుందో, ఆ ఏడాది పోటీల ఆతిథ్యం ఎవరిదో కూడా అప్పుడే స్పష్టం చేసుకోవాలి.

ఉత్తరప్రదేశ్‌లోనూ తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్త విశ్వవిద్యాలయాలు ఏర్పడుతూనే ఉన్నాయి. చట్టంలో పరీక్షలు, డిగ్రీలు, ఉద్యోగుల బదిలీ గురించి వివరమైన నిబంధనలు ఉంటాయి. జట్ల ఎంపిక, పోటీల క్యాలెండర్, పాత క్రీడా పత్రాల పరిశీలన గురించి కూడా మార్పు సమయంలోనే ఒక ఉత్తర్వు ఇస్తే, నడుస్తున్న సీజన్ మధ్యలో చిక్కుకున్న క్రీడాకారులకు ఆ ఏడాది దక్కుతుంది.